కుట్టుమిషను తెచ్చిన స్కోరు

సోమవారం. పొద్దున వాన తెరిపిచ్చింది. వల ఆరేసి బ్యాంకుకు వెళ్లాను.

నువ్వు చనిపోయిన ఏడాదికి మన ఇంటి లోను మంజూరైంది. జన్మలో చేసింది ఒక్కటే అప్పని గొప్పగా చెప్పాను. మేనేజరమ్మ నవ్వింది.

"ఆ ఒక్కటీ లేకపోతే మిమ్మల్ని ఎట్ట నమ్మేదన్నా? ఈ క్రెడిట్ స్కోరు తెచ్చింది ఆ కుట్టుమిషను అప్పే. వేట లేని నెలల్లో కూడా వాయిదా తప్పలేదే! ఎవరు కట్టినారు?"

"మా ఇంటామె. రవికెలు కుట్టి కట్టింది."

"పేరు?"

ఆ అప్పుకు సంతకం పెట్టించావని వారం రోజులు నీతో మాట్లాడలేదు. నిన్ను ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు. ఈరోజు బ్యాంకులో అందరూ వినేటట్టు "రమణమ్మ" అన్నాను.

కొత్తింట్లో మిషను కిటికీ పక్కనే పెడతాను. ఇప్పుడు దానికి కాస్త నూనె వేసి పడుకుంటాను.