భుజాలు ఖాళీ లేవు

సోమవారం, పొద్దున్న

ఇది నా ప్రతిజ్ఞ. రేపటి నుంచి మా వీధి పండుగ. ఈ ఏడాది ఎవరినీ భుజాలమీద ఎక్కించుకోను. కూతురైనా సరే, కొడుకైనా సరే. ఏడ్చినా సరే, కాళ్ళు పట్టుకున్నా సరే.

కారణం నడుము. నిన్న ఎముకల డాక్టరుగారు నా ఎక్స్‌రేని కిటికీకి అడ్డం పట్టి చూసి పెదవి విరిచారు. "ఇంకొక్కసారి పిల్లల్ని భుజాలకెత్తుకున్నారంటే నెలరోజులు మంచమే" అన్నారు. నేను పరుపుల షాపులో సేల్స్‌మన్‌ని. వచ్చినవాళ్ళందరికీ నడుము ఎలా కాపాడుకోవాలో ఉపన్యాసం ఇచ్చి మరీ పరుపు అంటగడతాను. అలాంటివాణ్ణి నేనే మంచం పడితే మా ఓనరు ఊరుకుంటాడా?

బెల్టు కొన్నాను. నడుం బిగించాను, నిజంగానే.

మా ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది. సాయంత్రం వస్తూ నొప్పులకి రాసుకునే మందు తెస్తానంది. "బెల్టు ఉందిగా, అదెందుకు?" అన్నాను.

"మీ ఆరంభశూరత్వం నాకు తెలీదేంటి" అంది.

చూద్దాం.

మంగళవారం, భోజనాలయ్యాక

జయం!

వీధికి రెండువైపులా అడ్డాలు పెట్టి బండ్లు ఆపేశారు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా రంగు దీపాలు. రంగులరాట్నం, రింగులు విసిరే ఆట, పీచుమిఠాయి, చెవులు చిల్లులు పడేలా బ్యాండు. మా చిన్నాడు, అయిదేళ్ళ పిడుగు, గుంపులోకి అడుగు పెట్టగానే మొదలెట్టాడు.

"నాన్నా, ఎత్తుకో. నాకు అందరి నడుములే కనిపిస్తున్నాయి."

నా నడుము సంగతి వాడికేం తెలుసు. "భుజాలు ఖాళీ లేవురా" అన్నాను.

వాడు వెనక్కి వంగి మరీ చూశాడు. "ఎవరున్నారు?"

"డాక్టరుగారు కూర్చున్నారు."

దీనికి విరుగుడు ముందే ఆలోచించాను. మడత స్టూలు! చంకలోంచి తీసి, విప్పి, వాణ్ణి నిలబెట్టాను. గారడీవాడు కనిపించాడు, నోట్లోంచి రిబ్బన్లు తీయడం కనిపించింది. ఇన్నేళ్ళూ ఈ తెలివి ఏ అటకెక్కిందో.

పెద్దమ్మాయికి పదకొండేళ్ళు. మాకు పదడుగులు ముందు నడిచింది. "నాన్నా, ఆ స్టూలు పట్టుకుని నా పక్కకి రాకు. మా క్లాసువాళ్ళు చూస్తారు" అని షరతు. ఒకప్పుడు ఇది నా భుజాలమీద కాపురం ఉండేది. పోయినేడాది నుంచి ఎక్కమన్నా ఎక్కడం లేదు. నడుముకి మంచిదే. మనసుకే కాస్త అదోలా ఉంది.

దాని ధ్యాసంతా ఆఖరి రోజు ఊరేగింపు మీదే. రెండంతస్తుల తాత బొమ్మ వస్తుంది. ఏటా వీధిలో పిల్లలే తయారుచేస్తారు. ఈసారి కోటుకి వీపువైపు, అడుగు అంచున బొత్తాలు కుట్టడం దీని వంతు. పళ్ళెమంతేసి బొత్తాలు. వేళ్ళనిండా సూది గుచ్చుకున్న గుర్తులు. "నడిరోడ్డు మీద ఊడిపోతే నా పరువేం కాను నాన్నా?" అని పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి అడుగుతోంది.

బుధవారం

స్టూలు పోయింది. పోలేదు, కళ్ళెదుటే ఉంది. ఒక ముసలావిడ "కాసేపు కూర్చోనా నాయనా" అంది. ఎలా కాదంటాం? కూర్చుంది. బ్యాండు అయింది, గారడీ అయింది, ఆవిడ మాత్రం లేవలేదు. పైగా స్టూలు చాలా బాగుందని మెచ్చుకుంది.

పిడుగు రాగం అందుకున్నాడు. చంకనేసుకున్నాను.

ఇది ప్రతిజ్ఞాభంగం కాదు. పైన రాసింది మళ్ళీ చదివాను. భుజాలని ఉంది. చంక మాటే లేదు.

ఇంటికొచ్చాక నొప్పుల మందు రాస్తూ మా ఆవిడ అడిగింది, "ఒట్టు తీసి గట్టున పెట్టారా?"

"లేదు. కొంచెం పక్కకి జరిపానంతే."

గురువారం

ఏం రాయను. రాయకపోతే నవ్వు ఆగేలా లేదు.

జనం కిక్కిరిసి ఉండగా దీపాలన్నీ ఆరిపోయాయి. పిడుగు చెయ్యి నా చేతిలోంచి జారింది. గుండె జారింది. అంతలో ఎవరో నా ప్యాంటు పట్టుకు లాగుతూ "ఎత్తుకో, ఎత్తుకో" అన్నారు. ఆపద సమయంలో ప్రతిజ్ఞలేమిటి! అమాంతం ఎత్తి భుజాలమీద కూర్చోబెట్టుకున్నాను.

దీపాలు వచ్చాయి. వచ్చాయి కదా అని దించలేదు. ఎలాగూ ఎక్కించుకున్నాను కదా అని వీధంతా తిప్పాను. రాట్నం ఎలా తిరుగుతుందో చెప్పాను, గారడీవాడి చేతివాటం చెప్పాను. పైనుంచి ఊఁ కొట్టడం తప్ప ఒక్క ఎదురు ప్రశ్న లేదు. మావాడికి ఎంత బుద్ధి వచ్చిందో అని మురిసిపోయాను. అక్కడే అనుమానం రావలసింది.

ఎదురుగా డాక్టరుగారు, చెమటలు కక్కుకుంటూ. "మా మనవడు తప్పిపోయాడండీ, ఎర్రచొక్కా..." అని ఆగిపోయారు. నన్ను చూశారు. నా భుజాలు చూశారు. నేను తలెత్తి చూశాను. ఎర్రచొక్కా.

ఆయనకి తిట్టాలో దణ్ణం పెట్టాలో తెలియలేదు. చివరికి "దించండి. నడుము వంచకుండా, మోకాళ్ళు వంచి" అన్నారు.

దిగిన పిల్లాడు తాతగారి చెయ్యి పట్టుకున్నాడు. "తాతా, నువ్వెక్కించుకో. నిన్న ఎక్కించుకున్నావుగా."

"నిన్ననా?" అన్నాను.

డాక్టరుగారు చొక్కా కిందకి లాక్కున్నారు. అయినా కనిపించింది. నాలాంటి బెల్టే. దొందూ దొందే! తేలు కుట్టిన దొంగల్లా చెరో వైపూ నడిచాం.

నాలుగడుగులు వేశానో లేదో మా ఆవిడ, ఆవిడ చెయ్యి పట్టుకుని అసలు పిడుగు. దీపాలు పోయినప్పుడే వాడు అప్పుడే షాపు నుంచి వచ్చిన వాళ్ళమ్మకి దొరికాడట. వీధి అదిరేలా ఏడుస్తున్నాడు. "నాన్న వేరే పిల్లాణ్ణి ఎక్కించుకున్నాడు!"

న్యాయమా, కాదా? కాదు. అందుకని వాణ్ణీ ఎక్కించుకున్నాను. ఆ చివరిదాకా, మళ్ళీ ఈ చివరిదాకా.

శుక్రవారం

నడుము పట్టేసింది.

షాపులో ఒకాయనకి పరుపు మెత్తదనం చూపిద్దామని పడుకున్నాను. లేవలేకపోయాను. "అంత బాగుందా?" అన్నాడాయన. "లేవబుద్ధి కావడం లేదండీ" అన్నాను. వెంటనే కొనేశాడు. మా ఓనరు పరమానందంతో "రేపు కూడా ఇలాగే పడుకో" అన్నాడు.

సాయంత్రం పండుగకి వెళ్ళలేదు. రేపు ఊరేగింపు. పిడుగు వాళ్ళమ్మతో మందుల షాపు మెట్లమీద నిలబడి చూస్తాడు. నేను బెల్టు పెట్టుకుని గోడకి ఆనుకుంటాను. ఎవరు పిలిచినా పలకను. ఈసారి ఖాయం.

శనివారం

గోడకి ఆనుకున్నాను. తాత బొమ్మ ఊగుతూ వచ్చింది, నన్ను దాటింది. బొమ్మ వెనకాలే జనం మూసుకుపోయారు. బొత్తాలు వీపువైపు, కోటు అడుగున ఉన్నాయి. నాకే ఒక్కటీ కనిపించలేదు.

చొక్కా అంచు ఎవరో లాగారు. ఎర్రచొక్కా కాదు కదా అని జాగ్రత్తగా చూశాను. పెద్దమ్మాయి. క్లాసువాళ్ళంతా కాస్త అవతల ఉన్నారు.

"నాన్నా, బొత్తాలు కనిపించడం లేదు" అంది. అంతే. ఎత్తుకోమనలేదు.

నడుము వంచకుండా మోకాళ్ళు వంచాను.

"నీకు నొప్పి కదా?"

"బెల్టుంది. ఎక్కు."

లేచి నిలబడేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఎంత పొడుగైందో! కాళ్ళు నా బెల్టు దాకా వచ్చాయి. నాకు అందరి వీపులే కనిపిస్తున్నాయి. పైనుంచి మాత్రం కబురు వస్తోంది. "ఉన్నాయి నాన్నా. ఒక్కటీ ఊడలేదు. ఒకటి వంకరగా కుట్టాను, ఎవరూ చూడలేదులే."

అంతలో క్లాసువాళ్ళు చూశారు. ఒకమ్మాయి వేలు పెట్టి చూపించింది. ఇక దూకేస్తుందనుకుని మోకాళ్ళు వంచబోయాను.

"ఆగు నాన్నా, ఇంకా మలుపు తిరగలేదు" అంది. తర్వాత వాళ్ళవైపు తిరిగి గట్టిగా, "మా నాన్న" అంది.

నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. మా ఆవిడకి నొప్పివల్ల అని చెప్పాను. ఇక్కడ అబద్ధం రాయను. సంతోషంవల్ల.

ఆదివారం

పడుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే నా తప్పు కాదు.

డాక్టరుగారు పిలవకుండానే వచ్చారు. తిట్టలేదు. నెలరోజులు మంచమే అన్నారు. కుర్చీలోంచి లేవడానికి ఆయనకి మా ఆవిడ చెయ్యి అందించాల్సి వచ్చింది.

ఆయన వెళ్ళాక పెద్దమ్మాయి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడి, తలమీద స్కేలు పెట్టి పెన్సిలుతో గీత గీసుకుంది. "నాన్నా, వచ్చే పండుగకి నేనింకా పొడుగవుతానా?"

"అవుతావు."

"బరువు కూడానా?"

"అది కూడా."

కాసేపు గీతనే చూసింది. "అయినా సరేనా?" అంది. నా జవాబు కోసం ఆగకుండా బయటికి పారిపోయింది.

కొత్త ప్రతిజ్ఞ. ఏడాదిపాటు ఎవరినీ ఎత్తను. నీళ్ళ బకెట్టు కూడా ఎత్తను. మంచం దిగిన రోజు నుంచి డాక్టరుగారు చెప్పిన వ్యాయామాలన్నీ చేస్తాను. పిడుగు ఏడ్చినా సరే, కాళ్ళు పట్టుకున్నా సరే. ఎర్రచొక్కావాడి సంగతి వాళ్ళ తాతగారు చూసుకుంటారు. ఈ నడుముని భద్రంగా దాచుకోవాలి.

వచ్చే పండుగకి భుజాలు ఖాళీ లేవు. పెద్దమ్మాయి అడిగింది.