నాలుగో మార్పు

జూన్ 3, సోమవారం

అల్లుడు ఇద్దరు మనుషుల్ని పంపి నా గదిలో ఇనప బీరువా పక్కకు జరిపించాడు. సగం కిటికీ కప్పేస్తోందట. పదకొండేళ్ళుగా కప్పేస్తూనే ఉంది. ఇవాళే ఎందుకు గుర్తొచ్చింది?

అడగలేదు. ఫ్యాక్టరీలో వాడు క్వాలిటీ ఆఫీసరు. నేను కాగితాల గది ముసలాణ్ణి. చెల్లెలి కొడుకే, నా కూతురి మొగుడే. అయినా గేటు లోపల ఎవరి కుర్చీ వాళ్ళది.

జూన్ 4, మంగళవారం, మధ్యాహ్నం

మేం చేసేది సెలైన్ గొట్టాలు. ఏ పని ఎలా చేయాలో ప్రతిదానికీ ఒక కాగితం ఉంటుంది. అందులో ఒక్క ముక్క మారినా మాకు సర్టిఫికెట్ ఇచ్చిన బయటి సంస్థకు ముందే ఉత్తరం రాయాలి. ఏమేం మార్చామో వరసగా చెప్పాలి. వాళ్ళు సరేనన్నాకే నేను కొత్తదానికి ముద్ర వేస్తాను, పాతది వెనక్కి తెచ్చి చింపుతాను. ఉత్తరం రిజిస్టర్ పోస్టులో పంపేదీ నేనే.

ఇవాళ లీకేజీ టెస్టు కాగితం కొత్తది వచ్చింది. ఉత్తరంలో మూడు మార్పులు రాశారు. కింద అల్లుడి సంతకం.

నాది ఊరి బడి చదువు. ఇంగ్లీషు అంతంత మాత్రం. అందుకని పాత పేజీ మీద కొత్త పేజీ పెట్టి కిటికీ అద్దానికి ఆనిస్తాను. అక్షరం మీద అక్షరం ఎక్కడ కూర్చోదో అక్కడ మారినట్టు. ఎవరికైనా తెలిస్తే నవ్వుతారు. అల్లుడొక్కడు ఒకసారి చూశాడు. వాడు నవ్వలేదు.

మూడూ దొరికాయి. అడ్రసు, ఆఫీసరు హోదా, తొట్టి నంబరు.

నాలుగోది కూడా దొరికింది. 60 ఉన్నచోట 20.

జూన్ 5

కళ్ళజోడు తుడిచి మళ్ళీ చూశాను. ఇరవయ్యే.

జూన్ 6, గురువారం

పాత కాపీ చూడాలని సాకు చెప్పి టెస్టింగుకు వెళ్ళాను. గొట్టంలో గాలి నింపి, నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగ వస్తుందేమో చూసే పని అక్కడ. చూసేది ఒకామె. అందరూ బుడగలమ్మ అంటారు. గోడ మీద కాగితంలో ఇంకా అరవై సెకన్లే ఉంది. ఆమె చేతిలో గొట్టం నేను ఇరవై లెక్కపెట్టేసరికి పైకి వచ్చేసింది.

ఇదేమిటమ్మా అన్నాను. నెల రోజుల నుంచీ ఇంతే తాతా, ఆర్డర్లు ముంచుకొచ్చాయి కదా, నీ బుడగల కోసం లారీ ఆగదు అన్నారు అంది. కొన్నిటికి నలభై దాటాకగానీ బుడగ రాదు, నత్తనడక ముండలు అని కూడా అంది. అవి ఎవరి చేతికి గుచ్చుతారో మనకేం తెలుసు, మన చేతికి కాకపోతే చాలు అని నవ్వింది. తర్వాత నవ్వలేదు.

ఎవరన్నారు అని అడిగాను. పెద్దాయనే వచ్చి చెప్పాడంది. పెద్దాయనంటే మేనేజరు. నిజమో, మా అల్లుడని నా ముందు దాచిందో.

జూన్ 7

అల్లుడు నా గదికొచ్చాడు. ఎప్పుడోగానీ రాడు. నా కుర్చీకి కొత్త మెత్త తెచ్చాడు. నడుం నొప్పన్నారుగా మావయ్యా అన్నాడు. నడుం నొప్పి ఆరేళ్ళుగా ఉంది.

ఉత్తరం వెళ్ళిందా అన్నాడు. ఇంకా లేదన్నాను. తొందరేం లేదు, నిదానంగా చూసుకోండి అన్నాడు.

బీరువా. మెత్త. నిదానంగా. నాకేదో మింగుడు పడటం లేదు.

జూన్ 9, ఆదివారం

కూతురింటికి వెళ్ళాను. ఆయన సరిగ్గా తినడం లేదు నాన్నా, ఫోను మోగితే మెట్ల మీదికి పరిగెత్తుతున్నాడు, ఫ్యాక్టరీలో ఏమైనా అయిందా అని అడిగింది. నాకేం తెలుసు అన్నాను. అబద్ధం. బయటపడితే వాడి ఉద్యోగం పోతుంది. సంతకం వాడిది. ఈ నెలలోనే అమ్మాయికి పురుడు.

వాడు కింద స్కూటరు తుడుస్తున్నాడు. దగ్గరికి వెళ్ళి అరవై అన్నాను. ఆ ఒక్క ముక్కే.

మీ వయసా మావయ్యా, అది దాటి చాలా కాలమైందిగా అన్నాడు. గుడ్డ పట్టుకున్న చెయ్యి మాత్రం ఆగిపోయింది. పైన కూతురు నిలబడి చూస్తోంది.

రేపు ఎండ బాగా కాస్తుందట అన్నాడు.

మాట మార్చాడు. దొంగే.

జూన్ 10, సోమవారం, మధ్యాహ్నం

ఎండ బాగానే కాసింది. ఇంకోసారి అద్దానికి పెట్టాను. మారలేదు.

పురిట్లో నా కూతురికి కూడా సెలైన్ పెడతారు.

ఉత్తరం కింద ఖాళీలో నా చేతిరాతతో రాశాను. "4. తొట్టిలో ఉంచే సెకన్లు. 60 తీసి 20 చేశారు. నెల నుంచీ చేస్తున్నారు." తెలుగులోనే. ఎవరైనా చదివి పెడతారు. నా సంతకం చేశాను. రిజిస్టర్ చేసి వచ్చాను. రసీదు చొక్కా జేబులో ఉంది. బరువుగా ఉంది.

జూన్ 13

పెద్దాయన నా గదికి వచ్చాడు. ఉత్తరం వెళ్ళిందా అన్నాడు. వెళ్ళిందన్నాను. మూడు మార్పులే కదా అన్నాడు. రాయించింది మీరే కదండీ అన్నాను. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పడం నాకిదే మొదలు. బల్ల అడ్డం ఉంది కాబట్టి సరిపోయింది.

బీరువా వంక చూశాడు. ఎవరు జరిపారు అన్నాడు.

నేనేనండీ అన్నాను.

నువ్వొక్కడివే? అన్నాడు.

ఒక్కణ్ణే అన్నాను. ఇద్దరు పడితేగానీ కదలని ఇనుము. అల్లుడి పేరు ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు.

జూన్ 19

బయటి సంస్థ వాళ్ళు ఇద్దరు వచ్చారు. చెప్పకుండా వచ్చారు. నాలుగో మార్పు నీకెలా తెలిసిందని అడుగుతారని ఈ తొమ్మిది రాత్రులూ జవాబు వల్లె వేసుకుంటూనే పడుకున్నాను. అడగలేదు.

ఆ కిటికీ ఇదేనా అన్నారు.

ఉత్తరంలో నేను కిటికీ మాట రాయలేదు. అక్కడ నేను కాగితాలు ఆనించడం చూసినవాడు ఒక్కడే.