గోడ అవతలి పొగను మిల్లు లెక్కలో చేర్చుట గురించి

వాయు కాలుష్య తనిఖీ అధికారి గారి సముఖమునకు,
అద్దకపు మిల్లు బాయిలరు నడుపువాడు వ్రాసుకొనునది.

అయ్యా,

విషయం: మిల్లు హద్దు బయటకు నెట్టిన బాయిలరును, దాని పొగను తిరిగి లెక్కలోనికి తెచ్చుట – మనవి.

1. నేను ఇరవై రెండేళ్లుగా ఈ బాయిలరు నడుపుచున్నాను. బట్టకు రంగు పట్టించుటకు కావలసిన ఆవిరి అంతయు ఇక్కడి నుండే పోవును. నాలుగేళ్ల క్రితం మిల్లు వారు తాము వదిలే కర్బన వాయువును కొలిచి, ఏటేటా తగ్గించెదమని తమ వద్ద బట్ట కొనే కంపెనీలకు మాట ఇచ్చిరి. కొలుచుటకు ఒక అమ్మాయిని పెట్టుకొనిరి.

2. ఆమె ప్రతి సోమవారం షెడ్డుకు వచ్చి, రెండో కుర్చీలో కూర్చొని, ఎంత బొగ్గు కాలినదీ, ఎంత ఆవిరి పోయినదీ వ్రాసుకొనెడిది. బొగ్గు తూకాన్ని బట్టి పొగలోని వాయువు లెక్క ఎట్లు తేలునో నాకు నేర్పినది. నన్ను బాబాయ్ అనెడిది. నా భార్య పోయిన తరువాత నన్ను వరుస పెట్టి పిలిచినవారు మరొకరు లేరు. ఇది అర్జీలో వ్రాయదగిన సంగతి కాదని ఎరుగుదును.

3. మేమిద్దరం గొట్టాల వెంట నడిచి, ఆవిరి కారుచున్న చోట్లు పదిహేడు పట్టుకొంటిమి. వాటిని బాగు చేయించి, గొట్టాలకు దళసరి తొడుగు వేయించి, వాడిన వేడినీటిని తిరిగి బాయిలరుకు మళ్లించితిమి. రోజుకు ఆరు టన్నులు కాలే బొగ్గు అయిదుకు దిగినది. ఆ రోజు పొయ్యి ముందు నిలబడి ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వుకొన్నాము.

4. మరుసటి ఏడు సగానికి సగం తగ్గవలెనని పైవారు పట్టుబట్టిరి. అంత తగ్గలేదు. అప్పుడు బాయిలరు షెడ్డును, నాతో సహా, ఒక కాంట్రాక్టరుకు అప్పగించి నడుమ గోడ లేపిరి. గోడకు కన్నం పెట్టి ఆవిరి మాత్రం తీసుకొనుచున్నారు. బయట కొన్న ఆవిరి వెనుక పొగను, కంపెనీలకు పంపే నివేదికలో వేరొక వరుసలో చూపవలెనట. ఆ వరుస ఖాళీగా వదిలిరి. నివేదికలో మిల్లు పొగ ఇంచుమించు మాయమైనది. దానిపై సంతకం చేయమంటే ఆ అమ్మాయి చేయలేదు. ఉద్యోగం వదిలిన రోజున గోడ చుట్టూ తిరిగి నా దగ్గరకు వచ్చినది.

"హద్దు గీత జరిపారు బాబాయ్, పొగ జరగలేదు" అన్నది. ఆ రోజు బొగ్గు తూకం నా పుస్తకంలో తానే వ్రాసి వెళ్లిపోయినది.

5. ఆమె నేర్పినట్లు రోజూ తూకం వ్రాసుకొనే ఆ పుస్తకం పట్టుకొని నేను మిల్లు మేనేజరు వద్దకు పోతిని. ఆ బాయిలరు తమది కాదు కదా అన్నారు. కాంట్రాక్టరు, కొలవడం తన పని కాదన్నాడు. గొట్టాల తొడుగులు ఊడిపోయినవి. బొగ్గు మళ్లీ ఆరు టన్నులకు చేరినది. షెడ్డులో నేనొక్కడినే. వారాల తరబడి నోరు తెరిచే పని పడదు. మొన్న అంకెలు వ్రాస్తూ పైకి చదివితే, నా గొంతు నాకే కొత్తగా తోచినది.

కావున తమరు దయచేసి, బొగ్గు తూచి, ఈ పొగను మిల్లు లెక్కలో చేర్పించ ప్రార్థన. నా పుస్తకం నకలు జతపరచితిని. దీనివలన నా పని పోవచ్చును, తెలిసియే వ్రాసితిని. ఈ నాలుగు మాటలు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బాయిలరు మనిషి

తా.క.: మీరు రాలేకపోతే ఎవరినైనా పంపండి సార్. రెండో కుర్చీ తుడిచి పెట్టాను. తనిఖీ అయిపోగానే వెళ్లిపోవాలని ఏమీ లేదు.