మూడు ఉలి గాట్లు

పోశన్న కాకా, నీ గుర్తును గ్రైండర్‌తో చెరిపేసింది నేనే.

నువ్వు పోయి నేటికి ఏడాది. నీళ్ల లారీ ఇరుసును కాల్చి, రెండు కొనలూ వంచి, మన అరబ్బు యజమాని పాత రేసు కారుకు ముందు యాక్సిల్ చేశావు. ఊళ్లో నాగటి కర్రుకు వేసినట్టే దాని అడుగున మూడు ఉలి గాట్లు పెట్టావు. యజమాని సొత్తు మీద కూలివాడి గుర్తు బానిసత్వమని, కార్మిక సంఘం కరపత్రాల్లో చదివిన ఆవేశంతో నీ మీద అరిచాను.

"నీ కాయితాలల్ల ఇనుము గురించి ఏమన్న రాసిండ్రార?" అని నవ్వావు.

నువ్వు తినడానికి వెళ్లగానే గాట్లను చదును చేసేశాను. తిరిగొచ్చి చూశావు, వేలితో తడిమావు.

నిన్న పాత కార్లు బాగా తెలిసిన ఒక పఠాన్ పెద్దాయన ఖమీస్ ఊళ్లోని మన షెడ్డుకు వచ్చాడు. కారు కింద పడుకుని చూసి, ఇలాంటి యాక్సిల్ ఎక్కడా చూడలేదు, ఎవరు చేశారని అడిగాడు.

"అమెరికా నుంచి వచ్చిన మాల్," అన్నాడు షెడ్డు నడిపే మన ముదీరు.

"నహీ, హమారా కాకా బనాయా," అని, నువ్వే చేశావని చెప్పాను.

"నిషానీ దిఖావ్," అని గుర్తు చూపించమన్నాడు పెద్దాయన. నేను చదును చేసిన చోట చూపడానికి గుర్తు లేదు.

ఆయన శుక్రవారం మళ్లీ వస్తాడు. రూములో ఉండే మనోళ్లందరికీ చెప్పాను: "సాయంత్రం నాలుగింటికి షెడ్డు కాడికి రాండ్రి. చేసినోని పేరు, చెరిపినోని పేరు, రెండూ నేనే చెప్త."