కదపని గిన్నెలు

వదినా,

కూర్చుని చదువు. నిలబడి చదివితే నన్ను తిట్టడానికి ఊపిరి చాలదు.

మూడేళ్లుగా మా ల్యాబులో నా పేరు ఎందుకు మారుమోగిపోతోందో నీకు తెలిసిందే. కిడ్నీ కణాల్లో కబుర్లు మోసే ఎంజైముని మా మందు తట్టి లేపుతుందని చూపించాను. నాకంటే ముందు అదే బల్ల దగ్గర నువ్వు ఏడాదిపాటు ఇదే ప్రయోగం చేశావు. మందు వేసిన గిన్నెలోనూ, వెయ్యని గిన్నెలోనూ ఎంజైము ఒకేలా లేచి కూర్చునేది. "నీ చెయ్యి వణుకుతుందమ్మా, ఈ పని నీ వల్ల కాదు" అన్నారు మాస్టారు. అందరూ నవ్వారు. కొత్తగా చేరిన నేనూ నవ్వాను వదినా. నువ్వు మానేసి బడిలో పాఠాలు చెప్పుకుంటుంటే, మీ ఇంటికే వచ్చి నీ ఎదురుగా నా గొప్పలు చెప్పుకున్నాను.

పోయిన వారం తొందర్లో ఒక సీసాకి బదులు ఇంకోటి తీశాను. కణాల మీద పడింది మందు కాదు, మందు కలపని ఉత్త ద్రావణం. అయినా ఎంజైము లేచింది! నాలుగుసార్లు చేసి చూశాను, నాలుగుసార్లూ అంతే. మందు వెయ్యని గిన్నెల్ని నేనెప్పుడూ కదపలేదు, వెచ్చటి పెట్టెలోనే వదిలేసేదాన్ని. నువ్వు వాటినీ బయటికి తీసి, వాటి మీదా అంతే ఉత్త ద్రావణం పోసేదానివి. మీద ద్రవం పారితే చాలు, ఆ కణాలు ఉలిక్కిపడతాయి. మందు చేసిందేమీ లేదు. సరిగ్గా చేసింది నువ్వొక్కదానివే.

ఈ పొద్దున మాస్టారికి చెప్పేశాను. ఈ మందు మీద మా వ్యాసం రేపే అచ్చుకి వెళ్లాలి. ఆయన కళ్లజోడు తుడుచుకుని, వ్యాసం ఆపించేశారు. "మీ వదిన నోట్‌బుక్కులు పారేశామా?" అని అడిగారు. నా సొరుగులోనే ఉన్నాయన్నాను. సాయంత్రం దాకా ఆయన వాటిలోంచి తల ఎత్తలేదు. ద్రవం పారితే ఎంజైము ఎందుకు లేస్తుందో నువ్వే వచ్చి తేల్చాలట. అడగడానికి మొహం చెల్లక నాతో అడిగిస్తున్నారు.

నా మూడేళ్ల పని గంగలో కలిసింది. అయినా ఇవాళ కడుపు నిండా తిన్నాను. తిట్టు, కానీ రా.

నీ తలపొగరు ఆడపడుచు


ఆడపడుచు గారికి,

తిట్లు ఎదురుపడ్డప్పుడు. కాగితం చాలదు. నువ్వు నవ్వడం ఆ రోజే చూశాను. అందరికంటే గట్టిగా నవ్వింది నువ్వే తల్లీ! మీ అన్నయ్యకి మాత్రం చెప్పలేదు.

బడి మానను, ఆ పిల్లల్ని వదిలి ఉండలేను. ఆదివారాలు వస్తాను. నేనొచ్చేదాకా ఒక్క గిన్నె కూడా కదపకు. మాస్టార్ని స్వయంగా పిలవమను, ఆయనకీ నోరుందిగా.

ఇంకో మాట. ఆ రోజు నుంచి ఎవరింటికెళ్లినా కాఫీ కప్పు రెండు చేతుల్తో పట్టుకుంటున్నాను, వణుకుతుందేమోనని. ఇవాళ ఒక చేత్తో నీ ఉత్తరం, ఇంకో చేత్తో కప్పు. ఒక్క చుక్క ఒలకలేదు.

నీ వదిన