ముత్తెమ్మ సినిమా ముక్క

మహూజ్, బహ్రెయిన్

చిరంజీవి శిరీషకు,

పదేళ్ల వయసులో మా పెద్దమ్మ ముత్తెమ్మకు మాటిచ్చాను, ఆమె రేకు డబ్బాను ఎవరినీ ముట్టనివ్వనని. నెల తిరక్కుండానే మాట తప్పాను.

బొంబాయి మిల్లు కార్మికుడి కూతురైన ఆమె పదకొండు మూగ సినిమాల్లో నటించింది. మాటల సినిమాలు రాగానే ఆమె హిందీకి నవ్వి పంపేశారు. జగిత్యాలకు తిరిగొస్తూ ఆ డబ్బాలో తెచ్చుకున్నది ఒక్క రీలు. మిగతా సినిమాలేవీ ఎక్కడా దొరకడం లేదని నువ్వే రాశావు.

అప్పట్లో పిల్లలం నీళ్లు నింపిన బల్బు ముందు ఫిల్ము ముక్క పెట్టి, అద్దంతో ఎండ పట్టి, గోడ మీద బొమ్మ చూసేవాళ్లం.

"ఒక్క ముక్కనేరా, పెద్దమ్మకేం ఎర్కైతది?" అన్నాడు మా అన్న, అదే మీ తాత. నేను డబ్బా తెచ్చాను, ఆయన కత్తిరించాడు. వారంలో రీలంతా ముక్కలై, గోళీలకు బదులుగా బడి పిల్లల జేబుల్లోకి పోయింది.

ఒకనాడు పెద్దమ్మ గోడ మీద తన పడుచు మొహం చూసింది. "గిది నేనేనారా?" అంది. మీ తాత నన్ను చూపించి, "వీడే కోసిండు పెద్దమ్మా" అన్నాడు. పోయేదాకా ఆమె నాతో మాట్లాడలేదు.

ఇప్పుడాయన ఆమె పేరు నిలబెట్టింది తానేనని టీవీలో చెబుతున్నాడు. ఇన్ని పుస్తకాలు చదివినా నాకు క్షమించడం చేతకాలేదు.

నువ్వడిగిన ముక్క ఈ కవరులో ఉంది. మిగిలింది ఇదొక్కటే. పెద్దమ్మ మీద నువ్వు రాస్తున్న పుస్తకంలో దీని కింద నిజం రాయి: డబ్బా తెచ్చిన దొంగను నేను. కత్తెర పట్టింది మా అన్న గంగారాం.