ఎర్ర గీత

1906 మార్చి 5

మా వీధి వంతు వచ్చింది. మేస్త్రీ డఫీ పొద్దున్నే ఎర్ర సుద్ద ముక్క చేతిలో పెట్టి, "లేపాల్సినవాటికల్లా గీత పెట్టండమ్మా. గీత లేనిదాని జోలికి మావాళ్లు పోరు, ఇసుక కిందే ఉండిపోద్ది" అని చెప్పి పోయాడు. తుఫాను మళ్లీ వస్తే మునగకుండా ఇళ్లు పైకి లేపి, కింద ఇసుక నింపి, మా గాల్వెస్టన్ ఊరు మొత్తాన్ని ఎత్తు చేస్తున్నారు. ఐదేళ్ల కిందటి ఆ తుఫానుకు ముందే చేసి ఉంటే ఏం పోయేది?

ఇంటికి, కోళ్లగూడుకి, నీళ్ల తొట్టికి గీతలు పెట్టాను. ఆఖర్న పెరట్లో గన్నేరు కింద ఆ తుఫానులో పోయిన మా పాప టిల్డా సమాధి మీది శిలువకు పెట్టాను.

మార్చి 6

శిలువ మీద గీత లేదు. వానా పడలేదు. మళ్లీ పెట్టాను.

మార్చి 7

మళ్లీ లేదు.

మార్చి 9, సాయంత్రం

ఇల్లు లేచింది. కింద వరసగా జాకీలు, జాకీకొక మనిషి. డఫీ డప్పు మీద దెబ్బ వేస్తే అందరూ ఒక్కసారే తిప్పుతారు. నేను లోపల బంగాళాదుంపలు చెక్కు తీస్తూ కూర్చున్నాను. కిటికీలో గన్నేరు కొంచెం కొంచెంగా కిందికి దిగిపోయింది. ఏమైనా అనిపిస్తుందేమోనని చూశాను. ఏమీ అనిపించలేదు.

పక్కింటి బ్రిజిడ్ క్యాబేజీ చంకన పెట్టుకుని నిచ్చెనెక్కుతూ అరిచింది: "ఏమే హెర్మీన్, స్వర్గానికి సగం దూరం వచ్చేశాం! మిగతా సగం సంగతి ఫాదర్‌గారిని చూసుకోమందాం." నవ్వాను. నవ్వాలి కదా.

భోజనం దగ్గర మా ఆయన ఎమిల్‌ని అడిగేశాను, గీత నువ్వే చెరుపుతున్నావా అని. తలెత్తలేదు. "పోయిన పిల్లని తవ్వి తీస్తావుటే? పడుకోనీ దాన్ని" అన్నాడు. అంత ఇసుక కింద నా కూతురు పడుకోవాలా అన్నాను. సూప్ వదిలేసి నిచ్చెన దిగి వెళ్లిపోయాడు. అతని సూప్ కూడా నేనే తాగాను.

మార్చి 10

ఎమిల్ పడవలకు వేసే ఎర్ర పెయింట్ తీసుకుని శిలువకు అడ్డంగా మందంగా గీశాను. ఇప్పుడు చెరుపు, చూస్తాను.

సాయంత్రం చూశాడు. తిట్టలేదు. నిచ్చెన మెట్టు మీద కూర్చుని, అది టిల్డా కాదే అన్నాడు.

తుఫాను తర్వాత రోజుల తరబడి ఒడ్డంతా వెతికాడట. శవాలను కుప్పలు పోసి తగలబెడుతున్నారు. ఇంట్లో నేను జ్వరంతో పడి, పిల్లేదీ పిల్లేదీ అని అరుస్తున్నాను. ముఖం ఆనవాలు పట్టలేని ఒక చిన్నబిడ్డ శవం దొరికితే దుప్పట్లో చుట్టి తెచ్చేశాడు. మా వంటింటి తలుపు కోసి పెట్టె చేశాడు. "వట్టి చేతులతో ఎలా రానే? నీకు ఏడవడానికి ఒక చోటుండాలి కదా" అన్నాడు.

నాకు తెలుసులే అన్నాను.

తెలియదు. ఎందుకలా అన్నానో కూడా తెలియదు.

మార్చి 11

చర్చికి వెళ్లలేదు. సాసేజ్ మాడింది. ఇద్దరం అదే తిన్నాం.

మార్చి 12

డఫీ పారలవాళ్లతో వచ్చాడు. "ఇదొక్కటీ మిగిలింది గదమ్మా, తవ్వమంటారా?" ఎమిల్ నా వైపు చూశాడు. వద్దు అనొచ్చు. ఎవరూ తప్పు పట్టరు.

తవ్వమన్నాను.

పెట్టె మూత పుచ్చిపోయి, ముట్టుకోగానే విరిగింది. దుప్పటి మిగల్లేదు. ఎముకల మధ్య రెండు ఇత్తడి బకిళ్లు, మగపిల్లల నిక్కరు పట్టీలకు ఉండేవి. డఫీ వాటిని చూశాడు, శిలువ మీద పేరు చూశాడు. "అమ్మా, ఇక్కడ ఆడపిల్ల పేరుంది గదా..." అని నసిగాడు.

మా పిల్లే, లేపండి అన్నాను. నా గొంతు పాలవాడికి లెక్క చెప్పినంత మామూలుగా ఉంది.

డఫీ టోపీ తీశాడు. ఎమిల్ గన్నేరు చెట్టు వైపు తిరిగి భోరున ఏడ్చాడు. నేను వెళ్లి అతని వీపు మీద చెయ్యి వేశాను. ఇన్నేళ్లలో అతను ఏడవడం చూడలేదు. నా కోసం ఏడవకుండా ఉన్నాడు కాబోలు.

మార్చి 13

ఎమిల్ కొత్త పెట్టె చేశాడు. పెరట్లో తడి ఇసుక పోసి, అది ఆరేదాకా పెట్టెను ఎక్కడ పెట్టాలి? వరండాలో, నా కుర్చీ పక్కన పెట్టాం.

మార్చి 20

సముద్రం అడుగు నుంచి తోడిన ఇసుక, పైపులోంచి బూడిద రంగు బురదగా వచ్చి పడుతోంది. ఒకటే కంపు. గన్నేరు కొమ్మల దాకా మునిగింది. ఎర్ర మేజోళ్లు అల్లుతూ పెట్టె పక్కన కూర్చున్నాను. ఎవరి కాళ్లకని బ్రిజిడ్ అడగలేదు.

ఏప్రిల్ 14

ఇసుక ఆరింది. పెట్టెను మళ్లీ పాతిపెట్టాం. శిలువ మీద పేరు మార్చలేదు, ఆ పిల్లాడి పేరు మాకు తెలియదు.

ఎవరి పెరట్లోనో మా టిల్డా ఉండే ఉంటుంది, ఏ మగపిల్లాడి పేరుతోనో. వాళ్లు గీత పెట్టారో లేదో.